వాంతి చేయించకండి, డబ్బా పట్టుకురండి

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి పాత లెక్క ఒకటి చూడండి. 1997 నుంచి 2002 దాకా, ఆరేళ్లలో, పురుగుమందు ఒంట్లోకి పోయి అక్కడ చేరినవాళ్లు 8,040 మంది. నూటికి 22.6 మంది దక్కలేదు. 2002 సంవత్సరం వివరాలు విడిగా తీసి చూస్తే మూడింట రెండొంతుల మంది ముప్ఫై ఏళ్లలోపు వాళ్లే. నూటికి 96 మంది పొరపాటున కాక, కావాలనే తాగినవాళ్లు. సి.హెచ్. శ్రీనివాసరావు, వి. వెంకటేశ్వర్లు, టి. సురేందర్ ఇద్దరు విదేశీ విషవైద్య నిపుణులతో కలిసి ఈ లెక్కలు తేల్చి 2005లో ప్రచురించారు. పత్తి దెబ్బతిని, అప్పులు మీదపడి, ఓరుగల్లు పల్లెలు కుదేలైన రోజుల లెక్క ఇది.

ఆ అధ్యయనంలో మరో సంగతి ఉంది, అది చాలామంది కంట పడదు. విరుగుడు మందులను ఎక్కువమందికి తక్కువ మోతాదులో, మనిషిని బట్టి మార్చకుండా ఒకే కొలతలో ఇచ్చారట. కొందరికి ఆ విషానికి సంబంధం లేని విరుగుడు కూడా పడింది. విషం విషయంలో సలహా కావలసింది రోగి ఇంటివాళ్లకే అనుకుంటాం. డాక్టరు గారికీ ఫోన్ చేసి అడగడానికి ఒక మనిషి కావాలి.

అలాంటి మనిషి మన దేశంలో ఉన్నాడు

ఢిల్లీ ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం 1995 నుంచి పనిచేస్తోంది. రాత్రీ పగలూ ఫోన్ ఎత్తుతారు. నంబరు 1800 116 117, డబ్బులు పడవు. డాక్టర్లూ చేయవచ్చు, ఇంట్లోవాళ్లూ చేయవచ్చు.

1999 నుంచి 2002 వరకు మూడేళ్లలో ఆ కేంద్రానికి దేశం నలుమూలల నుంచీ వచ్చిన ఫోన్లు సుమారు 2,700. అంటే ఏడాదికి తొమ్మిది వందలు. అదే కాలంలో మన ఎంజీఎం ఒక్కటే ఏడాదికి సగటున పదమూడు వందల పైచిలుకు విషం కేసుల్ని చేర్చుకుంది! ఆ ఫోన్లలో నూటికి 44 ఇంట్లో వాడే వస్తువుల గురించినవి. పురుగుమందుల గురించి వచ్చినవి నూటికి పదమూడు కూడా లేవు. విషం ఎక్కువగా ఉన్నచోట ఆ నంబరు తెలియదు, నంబరు తెలిసినచోట విషం తక్కువ. ఇన్నేళ్లకైనా ఎరువులు, పురుగుమందుల దుకాణాల గోడ మీద ఆ నంబరు పెద్దక్షరాలతో రాయించాలని ఎవరికీ తోచకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

"వయసెందుకు సార్, ప్రాణం పోతుంటే!"

విష సమాచార కేంద్రంలో ఫోన్ ఎత్తేవాళ్ల పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు: విషమేదో కనుక్కోవడం, చెప్పిన మాట వినేలా చేయడం. మొదటిది పుస్తకాల్లో, కంప్యూటర్‌లో దొరుకుతుంది. రెండోది దొరకదు.

మొదట ఫోన్ నంబరు, ఊరు అడుగుతారు. లైను తెగిపోతే తిరిగి చేయాలి కదా. తర్వాత వయసు, బరువు, ఏం మింగారు, ఎంత, ఎప్పుడు, ఇప్పుడెలా ఉన్నారు. కంగారులో ఉన్న మనిషికి ఇవన్నీ కాలయాపనలా కనిపిస్తాయి. అక్కడ అనుభవం ఉన్నవాళ్లు ప్రశ్నకు ముందు కారణం చెబుతారు. "బరువును బట్టే ప్రమాదం ఎంతో తేలుతుందమ్మా, అందుకే అడుగుతున్నా" అన్న ఒక్క మాటతో అవతలి గొంతులో విసుగు సగం తగ్గుతుంది.

హసన్‌పర్తిలో ఓ ఇల్లు అనుకోండి. రెండున్నరేళ్ల పిల్లాడు బీరువాలోని కలరా ఉండ నోట్లో వేసుకున్నాడు. తల్లి ఫోన్ చేసింది. మంచి సలహాదారు మాట ఇలా సాగుతుంది:

"బాబు ఏడుస్తున్నాడామ్మా, మగతగా ఉన్నాడా?"

"ఏడుస్తుండు సార్, బాగ ఏడుస్తుండు."

"ఏడుస్తున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే. మీరు వెంటనే చూసి ఫోన్ చేశారు, మంచి పని చేశారు. నోట్లో ముక్క కనబడితే తీసెయ్యండి. గొంతులోకి వేలు మాత్రం పెట్టొద్దు. పాలు పట్టొద్దు."

"పాలు పడితే ఇరుగుతదంటరు కద సార్?"

"చాలామంది అట్లే అనుకుంటారమ్మా. ఈ ఉండ కొవ్వులో తొందరగా కరుగుతుంది. పాలు పడితే ఒంట్లోకి ఇంకా ఎక్కువ పోతుంది. ఆ ప్యాకెట్ చేతిలో పట్టుకుని బాబును ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడు నేనేం చెప్పానో మీరోసారి చెప్పండి."

ఈ నాలుగు మాటల్లో పనితనమంతా ఉంది. ముందు ధైర్యం, తర్వాత మెప్పు, ఆపైన ఒక్కొక్కటిగా చిన్న చిన్న పనులు. తల్లి నమ్మకాన్ని వెక్కిరించకుండా, పాలు ఎందుకు వద్దో కారణం చెప్పడం. చివర ఆమె చేతనే తిరిగి చెప్పించడం. వినగానే "సరే సార్" అనేవాళ్లలో చాలామంది సగమే విని ఉంటారు. తిరిగి చెప్పిస్తే ఎక్కడ జారిందో తెలిసిపోతుంది.

కలరా ఉండతో అసలు చిక్కు మరొకటి. పిల్లాడు గంటకల్లా ఆడుకుంటాడు, ఇంటివాళ్లు హమ్మయ్య అనుకుంటారు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లల్లో ఒకటి రెండు రోజుల తర్వాత ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం మొదలవుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారుతుంది. "బాగానే ఉన్నాడు కదా" అన్న తల్లిని ఆస్పత్రికి కదిలించడం, ఏడుస్తున్న తల్లిని ఓదార్చడం కన్నా కష్టం.

అమెరికా కూడా వాంతి మందే పోసింది

చింతపండు నీళ్లు, ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, కొన్నిచోట్ల పేడ నీళ్లు. విషం తాగారనగానే కక్కించాలని మనవాళ్ల చేతులు ముందు వీటి మీదికే పోతాయి. ఇది మన పల్లెల అమాయకత్వమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో దశాబ్దాల పాటు పసిపిల్లలున్న ఇళ్లలో ఇపికాక్ అనే వాంతి సిరప్‌ను ఉంచుకోమని డాక్టర్లే చెప్పారు. 2003లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం ఇళ్లలో దాన్ని వాడొద్దని, ఉన్న సీసాలు పారేయమని చెప్పింది. దానివల్ల మేలు జరిగిన రుజువు లేదు, చేటు ఉందని తేలింది.

కిరోసిన్ కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. యాసిడ్ కక్కిస్తే దిగేటప్పుడు కాల్చిన గొంతును ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. మగతలో ఉన్న మనిషిని కక్కిస్తే ఆ కక్కు ఊపిరిగొట్టంలోకి పోతుంది. ఉప్పు నీళ్లు గ్లాసులకొద్దీ పోస్తే రక్తంలో సోడియం పెరిగి అదే ప్రాణం తీయవచ్చు. కాబట్టి ఫోన్‌లో "వాంతి చేయించొద్దు" అన్న మాట పదేపదే వినిపిస్తుంది. ఊరికే వద్దంటే మాత్రం ఎవరూ ఆగరు, చేతులు ఏదో ఒకటి చేయాలని కొట్టుకుంటుంటాయి. అందుకే ఆ చేతులకు వేరే పని చెబుతారు. మందు పడ్డ బట్టలు విప్పండి, ఒళ్లు సబ్బుతో కడగండి, ఎడమ పక్కకు తిప్పి పండబెట్టండి, డబ్బా వెతకండి. పురుగుమందు చర్మం గుండా కూడా ఎక్కుతుంది గనక ఒళ్లు కడగడం నిజంగా అవసరం. కడిగేవాళ్లు చేతులకు తొడుగో, కవరో వేసుకోవాలి.

తప్పు నాదే అనే తల్లి

స్వీడన్‌లో హోకన్ లాండ్‌క్విస్ట్ అనే పరిశోధకుడు అక్కడి విష సమాచార కేంద్రానికి వచ్చిన ఫోన్ సంభాషణల మీద ఉప్సాలా విశ్వవిద్యాలయంలో 2001లో సిద్ధాంత గ్రంథమే రాశాడు. ఆ కేంద్రంలో ఫోన్ ఎత్తేది ఫార్మసిస్టులు. పిల్లల గురించి ఫోన్ చేసే తల్లిదండ్రులు సలహాతో పాటు సంజాయిషీ కూడా ఇస్తుంటారు. ఒక్క నిమిషం పక్కకు వెళ్లాను, ఎప్పుడూ పైన అరలోనే పెడతాను అంటూ. అక్కడ గద్దించారా, తర్వాతి ప్రశ్నకు నిజం రాదు. నాలుగు మాత్రలు మింగితే రెండంటారు. గంట దాటితే ఇప్పుడే అంటారు.

మన దగ్గర ఈ సంకోచానికి ఇంకో బరువు తోడవుతుంది. కోడలు తాగిందంటే పది నోళ్లు లేస్తాయి, పరువు పోతుంది. అందుకే "పొరపాటున తాగింది", "దగ్గు మందనుకుంది" అని చెబుతారు. సలహాదారు ఎందుకు తాగిందని అడగడు. ఎంత, ఏది, ఎప్పుడు అనే మూడింటి మీదే నిలబడతాడు.

పోలీసు కేసు భయం

విషం కేసు అనగానే కేసవుతుందన్న దిగులు. చిన్న నర్సింగ్‌హోమ్‌లు కూడా ఈ సాకుతోనే రోగిని మరోచోటికి పొమ్మనేవి. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ముందు ప్రాణం కాపాడాలి, కాగితాలు తర్వాత. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ఇదే మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ లేనేలేదు. ప్రభుత్వోద్యోగి చేత పని చేయించడానికో, ఆపించడానికో చేసే ఆత్మహత్యాయత్నం మీద మాత్రమే సెక్షన్ ఉంది. ఆస్పత్రివాళ్లు పోలీసులకు కబురు పెట్టడం ఇప్పటికీ ఉంటుంది. అది రికార్డు కోసం. ఆ కబురుకు భయపడి ఊళ్లోనే పసరు పోసుకుంటూ కూర్చుంటే పోయేది ప్రాణం.

డబ్బా మీది రంగు

పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తుంటుంది, కింది సగానికి రంగు వేసి ఉంటుంది. ఎరుపు అయితే అతి తీవ్రం, పసుపు తీవ్రం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ కొంత తక్కువ. ఎరుపు డబ్బా మీద పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. చదువు రానివాళ్లు కూడా ఫోన్‌లో ఈ రంగు చెప్పగలరు. "డబ్బా మీద ఏం రాసుందన్నా?" అంటే మౌనం వస్తుంది. "కింద రంగేంది?" అంటే టక్కున జవాబొస్తుంది.

ఈ రంగుల వెనక ఒక విషాదం ఉంది. 1958లో కేరళలో, ఒకే ఓడలో వచ్చిన ఆహార పదార్థాల మీద పారాథియాన్ ఒలికి, అది తిన్న వందమందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతోనే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. లేబుల్ మీద విష లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు రాయాలన్న నిబంధన ఆ చట్టం కింద వచ్చిందే. ఖాళీ డబ్బా తీసుకెళ్తే సగం జబ్బు పేరు డాక్టరుకు చేరినట్టే.

పిల్లల దగ్గర మాత్రం పుర్రె బొమ్మ సంగతి వేరు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుర్రె బొమ్మను చూసి పిల్లలకు సముద్రపు దొంగల ఆట గుర్తొచ్చేదట. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు పేరే పైరేట్స్ మరి! 1971లో అక్కడి పిల్లల ఆస్పత్రి పుర్రెను పక్కనపెట్టి, నాలుక బయటపెట్టి 'ఛీ' అంటున్న ఆకుపచ్చ ముఖాన్ని అంటించడం మొదలుపెట్టింది.

"నమిలాడా, మింగాడా?"

గురివింద గింజ గురించి ఫోన్ వస్తే మొదటి ప్రశ్న ఇదే. గట్టి పెంకు పగలకుండా మింగిన గింజ చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలితే వేరే కథ. ఆముదం గింజకూ ఇదే ప్రశ్న. ఏది చెప్పినా ఆస్పత్రికి చూపించమనే అంటారు, తొందర ఎంతన్నదే తేడా.

ఉమ్మెత్త చేసే మేలు

పిచ్చి పుట్టిస్తుందని మనం పిల్లల్ని దూరం ఉంచే ఉమ్మెత్తలో, దాని బంధువర్గంలో అట్రోపిన్ ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగిన మనిషికి ప్రాణాధారం ఆ అట్రోపినే. ఆ పురుగుమందు నోట లాలాజలం, ఊపిరితిత్తుల్లో నీరు, చెమట వరదలా పారిస్తుంది, కంటిపాపను సూదిమొనంత చేస్తుంది. అట్రోపిన్ అంతా ఆరబెడుతుంది. మోతాదు కొంచెం ఎక్కువైతే రోగి గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. వార్డు బయట కూర్చున్న బంధువులు "మందులిచ్చి పిచ్చోణ్ని చేసిండ్రు" అని గొడవకు దిగేది ఇక్కడే. ముందుగానే "రేపు ఇలా మాట్లాడొచ్చు, మందు తగ్గించగానే సర్దుకుంటుంది" అని చెప్పిన వార్డులో ఆ గొడవ ఉండదు.

ఇంకో రెండు చోట్ల కూడా ఆస్పత్రివాళ్ల మాట మింగుడుపడదు. ఒకటి, తేరుకున్నాడని రెండో రోజే ఇంటికి తీసుకుపోవడం. 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరలియెద్దె ఒక సంగతి ప్రపంచానికి చెప్పారు: ఈ రకం పురుగుమందు తాగి కోలుకున్నట్టు కనిపించిన మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు, ఊపిరి కండరాలు ఉన్నట్టుండి చచ్చుబడవచ్చు. వెంటిలేటర్ దగ్గర ఉంటే గండం గడుస్తుంది. ఆర్టీసీ బస్సులో ఉంటే గడవదు. "తలగడ మీంచి తల ఎత్తు" అని డాక్టర్లు రోజూ అడిగేది దీని కోసమే.

రెండోది గడ్డి మందు పారాక్వాట్. అది తాగిన మనిషి ఆయాసపడుతున్నా డాక్టర్లు ఆక్సిజన్ పెట్టడానికి వెనకాడతారు, మరీ తప్పనిసరైతేనే పెడతారు. బయటివాళ్లకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆ విషం ఆక్సిజన్‌తో కలిసి ఊపిరితిత్తుల్ని మరింత తినేస్తుందని ఎవరైనా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే తప్ప ఏ తండ్రి మాత్రం ఒప్పుకుంటాడు?

పాము కాటుకూ ఒక నంబరు

2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాము కాటు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళికతో పాటు 15400 హెల్ప్‌లైన్‌ను ప్రకటించింది. ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన అయిదు ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణ ఆ జాబితాలో లేదు. ఫోన్‌లో చెప్పేది ఎక్కడైనా ఒకటే. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, నడిపించొద్దు, కరిచిన కాలు కదలనీయొద్దు. పామును చంపి సంచిలో వేసుకుని రావలసిన పనీ లేదు. మన దగ్గర దొరికే విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి చేసిందే.

మళ్లీ మోగే ఫోన్

మొదటి విష నియంత్రణ కేంద్రం 1953లో షికాగోలో మొదలైంది. అంతకు ముందే లూయిస్ గ్డాల్మన్ అనే ఆస్పత్రి ఫార్మసిస్టు ఏ వస్తువులో ఏముందో చీటీల మీద రాసుకుని, డాక్టర్లు ఫోన్ చేస్తే వెతికి చెప్పేవాడు. ఇప్పుడు అమెరికా కేంద్రాలకు వచ్చే విషం కేసుల్లో దాదాపు మూడింట రెండొంతులు ఆస్పత్రి మెట్లెక్కకుండానే ఫోన్ మీద తేలిపోతాయి. అది సాధ్యమయ్యేది మళ్లీ చేసే ఫోన్ వల్ల. "నేను గంటలో చేస్తాను, అప్పటికి ఎన్నిసార్లు వాంతయిందో చూసి ఉంచండి" అంటారు. తనను ఎవరో అడగబోతున్నారని తెలిస్తే మనిషి చెప్పిన పని చేస్తాడు. ఇందులో మనస్తత్వ శాస్త్రం ఎంతుందో, మర్యాదా అంతే ఉంది.

మనకు ఆ అలవాటుకు దగ్గరగా వచ్చింది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సర్వీసులో, అంబులెన్స్‌లోని టెక్నీషియన్ దారిలోనే ఫోన్ మీద డాక్టరు సలహా తీసుకుంటూ చికిత్స మొదలుపెడతాడు. పొలం గట్టు నుంచి ఆటోలో తెచ్చేదానికీ దీనికీ తేడా అదే.

మందే లేకుంటే

శ్రీలంక 1995లో మోనోక్రోటోఫాస్ లాంటి అతి తీవ్రమైన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపేసింది. తర్వాతి ఏళ్లలో అక్కడ ఆత్మహత్య మరణాలు సగానికి పైగా పడిపోయాయి. పంట దిగుబడి పడిపోలేదు. 2002లో ఎంజీఎంలో ఫలానా మందని తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటివే. మన దేశంలో ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. పాత వరంగల్ జిల్లాలోనే, ఇప్పటి జనగామ జిల్లా ఏనబావి ఊరు ఎవరి తీర్పు కోసమూ ఎదురుచూడకుండా ఊరంతా కలిసి పురుగుమందులు మానేసింది. నన్నడిగితే, ఫోన్ ఎత్తే మనిషి పని తేలిక చేసేది ఇలాంటి ఊళ్లే.

ఈ పేజీ తిప్పేలోపు మూడు నంబర్లు మీ ఫోన్‌లో ఎక్కించుకోండి: అంబులెన్స్‌కు 108, విషం గురించి సలహాకు 1800 116 117, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు ఉంటే తాళం వేసిన పెట్టెలో పెట్టండి, తాళం చెవి వేరేచోట ఉంచండి.